జేబు పిస్తోలు ఎవరిని కాపాడుతుంది?
ఆయుధ లైసెన్సు నిబంధన మీద ఒక పరిశీలన

దళితవాడ మీద దాడి జరిగిన ప్రతిసారీ, తర్వాత పెట్టే సభల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "వాళ్ల దగ్గర తుపాకులున్నాయి. మా దగ్గర ఏమున్నాయి? మాక్కూడా లైసెన్సులు ఇప్పించండి." ఈ మాట అనేది ఎక్కువగా చదువుకున్న కుర్రాళ్లు. లేదంటే రిజర్వుడు సీట్లో గెలిచి కుర్చీలో కూర్చోలేకపోతున్న సర్పంచులు, అట్రాసిటీ కేసులో సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు. వాళ్లు అడిగేది పెద్ద ఆయుధమేమీ కాదు. చొక్కా జేబులోనో నడుం దగ్గరో పెట్టుకు తిరగడానికి వీలైన చిన్న బోరు పిస్తోలు.

ఈ కోరికను మన పెద్దలు కొందరు ఆవేశం కింద కొట్టేస్తారు. మరికొందరు వేదిక మీద దాన్నే నినాదం చేసి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతారు. రెండూ సరైనవి కావు. ఎందుకంటే ఈ కోరిక సగం చట్టంలోనే రాసి ఉంది. ఆ రాసింది ఏమిటి, అది ఎందుకు అమలు కాదు, ఒకవేళ అమలైతే ఆ పిస్తోలు మనల్ని నిజంగా కాపాడుతుందా అన్నవి విడివిడిగా చూడాల్సిన విషయాలు.

నిబంధనలో ఏముంది?

ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద కేంద్ర ప్రభుత్వం 1995 మార్చి 31న నిబంధనలు తయారుచేసింది. వాటిలో మూడోది ముందుజాగ్రత్త చర్యలకు సంబంధించింది. మనవాళ్లు పరిహారం లెక్కల కోసం ఈ నిబంధనలు తిరగేస్తారు గానీ మూడో నిబంధన దగ్గర ఆగేవాళ్లు తక్కువ.

దాని ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం వరసగా కొన్ని పనులు చేయాలి. మొదట, దాడి జరగవచ్చని గానీ మళ్లీ జరగవచ్చని గానీ అనుమానం ఉన్న ప్రాంతాలను గుర్తించాలి. రెండు, కలెక్టరును, ఎస్.పి.ని అక్కడికి పంపి పరిస్థితి సమీక్షించాలి. మూడు, అవసరమనుకుంటే ఆ ప్రాంతంలో ఎస్.సి., ఎస్.టి.లు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దుచేసి, ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. వాళ్లవే కాదు, వాళ్ల దగ్గరి బంధువులవి, నౌకర్లవి, కుటుంబ స్నేహితులవి కూడా. నాలుగు, లైసెన్సు లేని ఆయుధాలన్నీ పట్టుకోవాలి, వాటి తయారీని ఆపాలి. ఐదు, ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం అవసరమనుకుంటే ఎస్.సి., ఎస్.టి.లకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

ఈ వరసను గమనించాలి. నిబంధన రాసినవాళ్లు ముందు పెత్తందారు చేతిలో తుపాకి తీసేయమన్నారు. దొంగ తుపాకులు పట్టుకోమన్నారు. ఆ తర్వాతే దళితుడికి లైసెన్సు మాట ఎత్తారు. మన సభల్లో మాత్రం ఐదో క్లాజు ఒక్కటే వినపడుతుంది. మూడూ నాలుగూ వినపడవు. నౌకర్లు, స్నేహితులు అన్న మాటలు చట్టంలో చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఊళ్లో తుపాకి ఒకడి పేరు మీద ఉంటుంది, ఇంకొకడి భుజం మీద ఉంటుంది. ఈ సంగతి పల్లె ఎరిగినవాళ్లెవరికైనా తెలుసు.

మరో సంగతి. ఐదో క్లాజు ఇమ్మన్నది లైసెన్సే, ఆయుధం కాదు. అదీ "అవసరమనుకుంటే". అనుకోవాల్సింది ఎవరు? మన దగ్గరికి దాడి తర్వాత వచ్చే ఆ కలెక్టరే, ఆ ఎస్.పి.నే.

తుపాకి చట్టం ఎక్కడినుంచి వచ్చింది?

ఈ దేశంలో తుపాకికి లైసెన్సు అన్నది తెల్లదొరల భయంలోంచి పుట్టింది. 1857 తిరుగుబాటు తర్వాత ప్రజల్ని నిరాయుధుల్ని చేసే పని మొదలైంది. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. యూరోపియన్లకు లైసెన్సు అక్కర్లేదు, భారతీయులకు కావాలి. భారతీయుల్లో మళ్లీ జమీందారుకూ విధేయుడికీ దొరుకుతుంది, మిగతావాళ్లకు దొరకదు. అంటే లైసెన్సు అన్నది మొదటినుంచీ రాజ్యం ఎవరిని నమ్ముతుందో చెప్పే కాగితం.

దాదాపు ఆ కాలంలోనే ఇంకొకటి జరిగింది. యుద్ధజాతులన్న సిద్ధాంతం పేరుతో 1890లలో మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. తరాలుగా తుపాకి పట్టి కుంఫిణీ సైన్యంలో పనిచేసిన కులం అది. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సుబేదారు. సైన్యం తలుపులు మళ్లీ తెరవమని మహర్లు అర్జీలు రాసుకున్నారు. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడేదాకా ఆ పోరాటం నడిచింది. వాళ్లు అడిగింది తుపాకి ఒక్కటే కాదు. తుపాకితోపాటు వచ్చే జీతం, పెన్షను, బడి, గౌరవం.

1878 చట్టం మీద కాంగ్రెసువాళ్లకు కోపం ఉండేది. 1931 కరాచీ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చారు. రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చాలని సవరణ పెట్టాడు. దాన్ని వ్యతిరేకించినవాడు బాబాసాహెబ్. ఎవడు పడితే వాడు అంగట్లోకి పోయి అన్నిరకాల ఆయుధాలూ అడ్డులేకుండా కొనుక్కోగలిగితే పరిపాలన సాగదని ఆయన వాదన. ఇప్పుడు పట్టుబట్టాల్సింది ఆయుధం ధరించే హక్కు గురించి కాదు, దేశం కోసం ఆయుధం ధరించే కర్తవ్యం గురించి అని కూడా అన్నాడు. సవరణ వీగిపోయింది.

దీన్ని చదివి అంబేడ్కర్ మెతకవాడనుకునేవాళ్లుంటారు. ఆలోచిస్తే అసలు విషయం తెలుస్తుంది. అందరికీ ఆయుధం హక్కయితే ముందు కొనగలిగేది ఎవడు? భూమీ డబ్బూ ఉన్నవాడు. ప్రతి ఊళ్లోనూ అస్పృశ్యులు తక్కువమందే ఉంటారని, ఆ ఊరి ఏర్పాటులోనే వాళ్ల బానిసత్వం ఉందని ఆయన అనేకసార్లు చెప్పాడు. 1942లో నాగపూర్‌లో జరిగిన అణగారిన వర్గాల మహాసభలో ప్రత్యేక గ్రామాల కోసం తీర్మానం చేయించాడు. 1927 మార్చి 20న మహాద్‌లో సవర్ణులు ప్రతినిధుల మీద దాడిచేసినప్పుడు, అక్కడికి వచ్చినవాళ్లలో మాజీ సిపాయిలు కూడా ఉన్నారు. తిరగబడతామన్నవాళ్లను ఆయన ఆపాడు. చెదిరి ఊళ్లకు పోయే మనవాళ్లు దారిలో చిక్కిపోతారన్న లెక్క తెలిసిన నాయకుడు చేసే పని అది.

"తగిన కారణం" ఎవరికుంటుంది?

ఇప్పుడున్నది 1959 ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. పాత నిబంధనల స్థానంలో 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది.

ఆత్మరక్షణ కోసమో పంట రక్షణ కోసమో పొడుగు గొట్టం తుపాకి అడిగితే చట్టం కాస్త సులువుగానే మాట్లాడుతుంది. పిస్తోలు, రివాల్వరు అలా కాదు. పదమూడో సెక్షను ప్రకారం "తగిన కారణం" ఉందని లైసెన్సు ఇచ్చే అధికారి తృప్తిపడాలి. దానికి ముందు పోలీసు రిపోర్టు రావాలి. అంటే స్టేషను రాయాలి.

వ్యాపారికి డబ్బు సంచి తగిన కారణం. కాంట్రాక్టరుకు టెండరు గొడవ తగిన కారణం. రాయలసీమ ఫ్యాక్షను నాయకుడికి ఎదుటి వర్గం తగిన కారణం. అతనికి పైన ప్రభుత్వ గన్‌మెన్ కూడా. మాదిగవాడలో పుట్టి, పోరంబోకు భూమి కోసం అర్జీ పెట్టి, "నీ అంతు చూస్తాం" అనిపించుకున్నవాడి కారణం? దాన్ని రిపోర్టులో "పాత కక్షలు", "ఇరువర్గాల మధ్య ఘర్షణ" అంటారు. ఆ మాట పడ్డాక అది లైసెన్సు ఇవ్వడానికి కారణం కాదు, నిరాకరించడానికి కారణం. ప్రజాశాంతి పేరుతో నిరాకరించే అధికారం పద్నాలుగో సెక్షనులో ఉంది.

ఇంకా లోతైన చిక్కు తొమ్మిదో సెక్షనులో ఉంది. శాంతిభద్రతల కోసం బాండు రాసి ఇమ్మని ఉత్తర్వు పడినవాళ్లు, ఆ బాండు నడిచినంతకాలం ఆయుధం ఉంచుకోవడానికి అనర్హులు. మన ఊళ్లలో గొడవ జరిగితే పోలీసులు మొదట చేసే పనేమిటి? రెండువైపులా బైండోవర్ చేయడం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107వ సెక్షను, 2024 జులై నుంచి వచ్చిన కొత్త సంహితలో 126వది. కొట్టినవాణ్నీ, దెబ్బలు తిన్నవాణ్నీ ఒకే గాటన కడతారు. పైగా అట్రాసిటీ కేసు పెట్టినవాడి మీద కౌంటరు కేసు తప్పదు. ఆ విధంగా ఎవడికి ప్రాణభయం నిజంగా ఉందో వాడే కాగితాల మీద అనర్హుడవుతాడు. కులం మాట ఎక్కడా ఎత్తకుండానే చట్టం కులం ప్రకారం పనిచేయడమంటే ఇదే.

అయితే అదే చట్టంలో మనకు పనికొచ్చే వాక్యం కూడా ఉంది. పద్నాలుగో సెక్షను రెండో భాగం, చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదని చెబుతుంది. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిమీద అప్పీలు చేసుకునే హక్కు పద్దెనిమిదో సెక్షనులో ఉంది. "నీకేం ఆస్తుందిరా కాపలా కాసుకోడానికి?" అని ఆఫీసులో ఎవరైనా అంటే అది ఎగతాళి మాత్రమే కాదు, చట్టానికి విరుద్ధం.

ఆస్తి లేకపోతే లైసెన్సు ఆగకూడదు, సరే. ఆయుధం ఎలా కొంటాడు? 9 ఎం.ఎం., .38 వంటి బోర్లు మామూలు పౌరులకు నిషిద్ధం. మిగిలేది .32, .22 వంటి చిన్న బోర్లు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు చేసే .32 రివాల్వర్లు, పిస్తోళ్లు ఎప్పుడూ ఖరీదే. 2014 జనవరిలో కాన్పూర్ కర్మాగారం "నిర్భీక్" పేరుతో అరకిలో బరువుండే .32 రివాల్వరు తెచ్చింది. ధర 1,22,360 రూపాయలు. పదేళ్ల తర్వాతి కూలితో లెక్కగట్టినా, అంటే 2024-25లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలనుకుంటే, అది 408 రోజుల కూలి. అప్పట్లో ఏడాదికి కుటుంబానికి వందరోజుల పనే హామీ ఉండేది. నాలుగేళ్లు తిండి మానేసి దాస్తే ఒక రివాల్వరు. తూటాలు అదనం.

ఆ రివాల్వరును 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత ఆడవాళ్ల రక్షణ కోసమని ప్రచారం చేశారు. ఏ ఆడవాళ్లు? 2006 సెప్టెంబరులో ఖైర్లాంజీలో, 2020 సెప్టెంబరులో హత్రాస్‌లో జరిగింది గుర్తుచేసుకుందాం. ఒకచోట ఇంటిమీదికి మంద వచ్చింది, ఇంకోచోట గడ్డికోతకు పోయిన పొలంలో జరిగింది. కలుపు తీసే ఆడమనిషి కొంగున కట్టుకుని తిరిగే వస్తువు కాదు అది. ఆమె భద్రత ఆమె సంచిలో ఉండదు. ఆమె ఫిర్యాదు రాసుకునే స్టేషనులో, ఆమె కూలికి పోయే పొలం ఎవరిదన్న ప్రశ్నలో ఉంటుంది.

ఆరు తూటాలు

ఇవన్నీ దాటి లైసెన్సు వచ్చిందే అనుకుందాం. అప్పు చేసి కొన్నాడే అనుకుందాం. అప్పుడు?

.32 అంటే తూటా మందం సుమారు 8 మిల్లీమీటర్లు. రివాల్వరులో ఆరు తూటాలు పడతాయి. గొట్టం పొట్టిది కాబట్టి అలవాటు లేని చేతికి పదడుగులు దాటితే గురి నిలవదు. గుండె దడదడలాడుతున్నప్పుడు, చీకట్లో, పరుగెత్తే మనుషుల మీద అసలే నిలవదు. ఆరూ అయిపోతే మళ్లీ నింపేదాకా ఎదుటివాడు ఆగడు. జేబు పిస్తోలు ఏ పనికోసం పుట్టిందో తెలుసుకోవాలి. సందులో ఒక దొంగ ఎదురైతే, అడుగు దూరంలో ఒక మనిషి కత్తి తీస్తే, ఆ ఒక్క మనిషిని ఆపడం కోసం పుట్టింది. అది పట్నంలో, ఒంటరి మనిషికి, ఒంటరి శత్రువు నుంచి రక్షణ.

కులదాడి అలా జరగదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీదికి వచ్చింది ఒక మనిషి కాదు. వందలమంది గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని వచ్చారు. ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో పొలాల్లో పడి పరుగెత్తేవాళ్లను వెంటాడి ఎనిమిదిమందిని చంపారు, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆరోజు పోలీసులే వాడలోకి వచ్చి మగవాళ్లను పారిపొమ్మన్నారని, అలా పోయినవాళ్లే చిక్కారని బాధితులు చెప్పారు. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో భూమి గొడవలో ఐదుగురు దళితులు హతమయ్యారు. అక్కడా వచ్చింది గుంపే. ఈ మూడుచోట్లా ఒకరి జేబులో ఆరు తూటాలుంటే ఏమయ్యేది? బహుశా ముందున్న ఇద్దరు పడేవాళ్లు. తర్వాత ఆ చెయ్యి నరికేవాళ్లు. ఆ పైన వాడ మొత్తానికి నిప్పు పెట్టడానికి "వాళ్లే ముందు కాల్చారు" అన్న సాకు తయారుగా ఉండేది.

తుపాకులే పెద్దఎత్తున వాడిన చోటు బీహారు. అక్కడ రణవీర్ సేన 1996 జులై 11న బథానీ టోలాలో 21 మందిని, 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని చంపింది. చచ్చినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ. భూస్వాముల చేతుల్లో లైసెన్సు ఉన్నవీ లేనివీ రెండురకాల తుపాకులూ ఉన్నాయి. బాథే జరిగేనాటికి 1995 నిబంధనలు వచ్చి రెండున్నరేళ్లు దాటింది. మూడో క్లాజునూ నాలుగో క్లాజునూ గట్టిగా అమలుచేయడానికి అంతకన్నా తగిన ప్రాంతం దేశంలో మరొకటి లేదు. బథానీ టోలా కేసులో 2012లో, బాథే కేసులో 2013లో పాట్నా హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది.

ఊళ్లో దొరగారి తుపాకి ఎలా పనిచేస్తుంది? అది పేలడం ద్వారా కాదు, ఉందని తెలియడం ద్వారా. గోడకు వేలాడుతూనే పనిచేస్తుంది. దాని వెనుక భూమి ఉంది, బంధువులున్నారు, స్టేషను ఉంది, ఎమ్మెల్యే ఉన్నాడు. వాళ్లందరి భయం కలిసి ఆ గొట్టంలో కూర్చుని ఉంటుంది. దళితుడి జేబులోకి వచ్చిన పిస్తోలుకు అవేవీ వెంటరావు. వట్టి ఇనుము వస్తుంది.

పేల్చిన తర్వాత

ఆత్మరక్షణ హక్కు మన చట్టంలో ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు దానికి సంబంధించినవే. ప్రాణం పోతుందనో, తీవ్రంగా గాయపడతామనో సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాణ్ని చంపినా నేరం కాదు. అత్యాచారం చేయబోయేవాడి విషయంలోనూ అంతే. పోలీసు రక్షణ పొందే వ్యవధి ఉంటే మాత్రం ఆ హక్కు వర్తించదు. అవసరానికి మించి హాని చేయకూడదు. చట్టం ఒక మంద దాడి ఉదాహరణ కూడా ఇచ్చింది: చంపడానికి వచ్చిన మందలో పిల్లలు కలిసి ఉన్నా, వేరే దారిలేక ఆ మంద మీద కాల్చినవాడు, పిల్లలకు దెబ్బ తగిలినా, నేరస్తుడు కాడు. చదివితే మన వాడల కోసమే రాశారా అనిపిస్తుంది.

2010లో సుప్రీంకోర్టు దర్శన్ సింగ్ కేసులో ఈ హక్కును విపులంగా వివరించింది. పంజాబులో పొలం తగాదాలో తండ్రి మీద దాడి జరిగితే కొడుకు లైసెన్సు తుపాకితో కాల్చాడు. సుప్రీంకోర్టు అతణ్ని నిర్దోషి అన్నది. ప్రమాదంలో ఉన్నవాడు ఎదుటి దెబ్బను త్రాసులో తూచి తిరిగి కొట్టలేడని కోర్టులు ఒప్పుకుంటున్నాయి. మంచిదే. కానీ ఆ కాల్పు జరిగింది 1991లో. మధ్యలో సెషన్సు కోర్టు వదిలేస్తే హైకోర్టు శిక్షించింది. పందొమ్మిదేళ్లు పట్టింది. ఆత్మరక్షణేనని చూపించుకునే భారం కాల్చినవాడి మీదే ఉంటుంది. దానికి సాక్షులు కావాలి, పంచనామా సరిగా రాసే పోలీసు కావాలి, వకీలు ఫీజు కావాలి.

మన దగ్గర ఇంకొక ప్రమాదం ఉంది. పెద్దకులపోడు గాల్లోకి కాలిస్తే "ప్రాణరక్షణ కోసం" అని రాసే కలమే, మాలపిల్లగాడు కాలిస్తే "తీవ్రవాదులతో సంబంధాలు" అని రాస్తుంది. ఆంధ్రలో, తెలంగాణలో ఆ రాత ఎంతమందిని మింగిందో చదువరులకు చెప్పనక్కర్లేదు. లైసెన్సు దొరకలేదని నాటు తుపాకి కొనేవాళ్లకు ఒక మాట. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే మామూలు బోరుకే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా శిక్ష. శత్రువు చేయలేని పని మనమే చేసిపెట్టినట్టవుతుంది.

అమెరికా నల్లవాళ్ల అనుభవం

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్లు అమెరికా నల్లవాళ్లు. 1972లో మన దళిత పాంథర్లు పేరు తీసుకున్నది కూడా 1966లో ఆయుధంతో మొదలైన వాళ్ల బ్లాక్ పాంథర్ పార్టీ నుంచే. అందుకే వాళ్ల అనుభవం కొంచెం చూడాలి.

బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, విముక్తుడైన నల్లవాడు జిల్లా పోలీసు బోర్డు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదని చట్టం చేసింది. తెల్లవాడికి ఆ షరతు లేదు. 1956 జనవరి 30న మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకి వెంట ఉంచుకునే లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. స్థానిక అధికారులు నిరాకరించారు. ఇంటి మీద బాంబు పడినా "తగిన కారణం" కాలేదు. పాంథర్లు చట్టప్రకారమే తుపాకులు పట్టి పోలీసుల్ని కనిపెట్టుకుని తిరిగితే, 1967లో కాలిఫోర్నియా ప్రభుత్వం నిండు తుపాకి బహిరంగంగా పట్టుకు తిరగడాన్నే నిషేధించింది.

తర్వాత కాలంలో అక్కడ లైసెన్సు సులువైంది. 2022లో అక్కడి సుప్రీంకోర్టు, ప్రత్యేక కారణం చూపించమనే న్యూయార్క్ పాత చట్టాన్ని కొట్టేసింది. మరి నల్లవాడు నిర్భయంగా ఉన్నాడా? 2016 జులై 6న మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్ల యువకుడి కారును పోలీసు ఆపాడు. అతనికి లైసెన్సు ఉంది. తన దగ్గర తుపాకి ఉందని తనే ముందుగా చెప్పాడు. పోలీసు అతణ్ని కాల్చి చంపాడు. మరుసటి ఏడాది జ్యూరీ ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది. కింగుకు లైసెన్సు రాలేదు. కాస్టిల్‌కు వచ్చినా అది అతణ్ని కాపాడలేదు. తుపాకి ఒకటే అయినా, పట్టుకున్న చెయ్యి రంగును బట్టి రాజ్యం దాన్ని వేరుగా చదువుతుంది. ఇక్కడ ఆ చదువు కులాన్ని బట్టి.

అయితే ఏం అడగాలి?

తుపాకి అడగొద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ప్రాణభయంతో ఉన్న సాక్షికి, బెదిరింపులెదుర్కొంటున్న సర్పంచికి లైసెన్సు అడిగే హక్కుంది. ఆ హక్కు నిబంధనలో ఉంది కాబట్టి దరఖాస్తు పెట్టాలి. పెట్టినప్పుడు బెదిరింపుల తేదీలు, ఇచ్చిన ఫిర్యాదులు, వాటిమీద ఏ చర్యా తీసుకోలేదన్న వివరం అన్నీ రాయాలి. నిరాకరిస్తే కారణాలు రాతలో తీసుకోవాలి. రేపు దాడి జరిగితే "మాకు ముందు తెలియదు" అని అధికారి అనలేకుండా చేసే కాగితం అది. విధుల్లో బుద్ధిపూర్వక నిర్లక్ష్యం చూపిన అధికారిని శిక్షించే నాలుగో సెక్షను అత్యాచారాల చట్టంలో ఉంది. పిస్తోలు కన్నా ఆ దరఖాస్తు నకలు ఎక్కువ దూరం పేలవచ్చు.

కానీ ఉద్యమంగా అడగాల్సింది వరసలో ముందున్నవి. మన జిల్లాలో ఏ ఏ గ్రామాలను దాడులకు అవకాశమున్న ప్రాంతాలుగా గుర్తించారు? అక్కడ ఎస్.సి., ఎస్.టి.లు కానివాళ్ల లైసెన్సులు ఎన్ని? మూడో క్లాజు కింద ఎన్ని రద్దుచేశారు? ఐదో క్లాజు కింద ఎంతమంది దళితులు అడిగారు, ఎంతమందికి ఇచ్చారు? 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రతి కలెక్టరు ఆఫీసులోనూ ఈ ప్రశ్నలు వేయవచ్చు. విద్యార్థులు ఒక్కో జిల్లా తీసుకుని ఈ లెక్క బయటపెడితే అదొక మంచి పరిశోధన అవుతుంది. జిల్లా విజిలెన్స్ కమిటీ సమావేశాల్లో దాన్ని టేబుల్ మీద పెట్టవచ్చు. దాడిచేసే అవకాశం ఉన్నవాణ్ని ఆ ప్రాంతం నుంచి బహిష్కరించే పదో సెక్షను, ముందుగానే చర్య తీసుకోమనే పదిహేడో సెక్షను, 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న సాక్షుల రక్షణకు సంబంధించిన 15-ఎ సెక్షను ఉన్నాయి. ఇవేవీ దళితుడి చేత 1,22,360 రూపాయలు ఖర్చుపెట్టించవు.

కారంచేడు బాధితులు ఊరికి తిరిగిపోలేదు. చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకుని ఉన్నారు. వాళ్లను నిలబెట్టింది వేలమందిని కూడగట్టిన ఉద్యమం, ఊరి పెత్తందారు మీద ఆధారపడని బతుకు. చుండూరువాళ్లు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది నిజమే. అయినా నిందితుల కళ్లముందు నిలబడి పేర్లు చెప్పిన ఆ ఆడవాళ్ల చేతుల్లో ఆయుధం లేదు, వెనుక జనం ఉన్నారు. ఆ జనాన్ని ప్రతి వాడలోనూ నిలబెట్టడం ఎలా అన్నదే మనం చర్చించుకోవాలి. లైసెన్సు దరఖాస్తు ఆ పనిలో ఒక భాగం మాత్రమే, ఆ పనికి బదులు కాదు.